తాకట్టుకు వెళ్లిన బంగారం

(రూపాయి ప్రస్థానం – 12వ భాగం)

గత భాగాన్ని 1966 జూన్ 6 దగ్గర ఆపాం. ఆ రోజు డాలరుకు 4.76 రూపాయలుగా ఉన్న మారకం రేటు ఒక్కసారిగా 7.50కి వెళ్లింది. వానలు లేక, తిండిగింజల కోసం అమెరికా ఓడల వైపు చూస్తున్న రోజుల్లో తీసుకున్న ఆ నిర్ణయం ఇందిరాగాంధీకి సొంత పార్టీలోనే శత్రువులను తెచ్చిపెట్టింది. పరాయి దేశాలకు లొంగిపోయారన్న నింద ఆమెను చాలాకాలం వదల్లేదు. ఆ భయం ఢిల్లీలో పాతికేళ్లు నిలిచిపోయింది. ఎనభయ్యో దశకంలో రూపాయిని కొద్దికొద్దిగా, చప్పుడు చేయకుండా జారనిచ్చారే గానీ, విలువ తగ్గిస్తున్నామని ప్రకటించే సాహసం ఏ ప్రభుత్వమూ చేయలేదు.

ఈ భాగంలో 1990 ఆగస్టు నుంచి 1991 నవంబరు వరకు నడిచిన కథ చెప్పుకుందాం. స్వతంత్ర భారతదేశం విదేశీ బాకీ ఎగవేయడానికి అంత దగ్గరగా వెళ్లిన సందర్భం మరొకటి లేదు. దీన్ని చాలామంది 1991 జులై 24 నాటి మన్మోహన్ సింగ్ బడ్జెట్‌తో మొదలుపెడతారు. నా దృష్టిలో అసలు కథలో ఎక్కువ భాగం ఆ తేదీకి ముందే నడిచింది. అందులో కష్టమైన పనులు చేసిన కొందరికి దక్కాల్సిన గౌరవం ఇప్పటికీ దక్కలేదు.

ముందుగా అప్పు సంగతి. ఎనభయ్యో దశకం చాలా ఇళ్లకు కళ తెచ్చిన దశకం. మారుతి కారు వచ్చింది, రంగుల టీవీ వచ్చింది, వృద్ధి రేటు అంతకుముందు ముప్పై ఏళ్ల నత్తనడకను దాటి అయిదు శాతం పైకి లేచింది. ఆ ఎదుగుదలలో చాలా భాగం అప్పు మీద నడిచింది. కేంద్ర ప్రభుత్వ ద్రవ్యలోటు 1990–91 నాటికి జాతీయోత్పత్తిలో 8 శాతం దాటింది. దేశం మొత్తం విదేశీ అప్పు పదేళ్లలో నాలుగింతలై, 1991 మార్చి నాటికి సుమారు 8,380 కోట్ల డాలర్లకు చేరింది. ఎగుమతుల వల్లా, విదేశాల్లోని మనవాళ్లు పంపే సొమ్ము వల్లా వచ్చే డాలర్లలో మూడో వంతుకు పైగా పాత బాకీల అసలు, వడ్డీలకే పోయేది.

అయినా దేశాన్ని అంచుదాకా తీసుకెళ్లింది ఈ మొత్తం కాదు. అంతకంటే బరువైన అప్పు మోస్తూ నిలబడిన దేశాలు చాలా ఉన్నాయి. మనల్ని ముంచింది ఆ అప్పుకున్న గడువు. పూర్వం మన విదేశీ అప్పు ఎక్కువగా ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థల నుంచి తక్కువ వడ్డీకి, ముప్పై నలభై ఏళ్ల వాయిదాల మీద వచ్చేది. దశకం రెండో సగంలో మనం రెండు కొత్త దారులు పట్టాం. ఒకటి విదేశీ వాణిజ్య బ్యాంకుల దగ్గర ఏడాది లోపు తీర్చాల్సిన అప్పు. మూడు నెలలకో ఆరు నెలలకో గడువు తీరుతుంది, మళ్లీ రాయించుకోవాలి. రెండోది ఎన్నారైల డిపాజిట్లు. డాలర్లలో దాచుకుంటే డాలర్లలోనే తిరిగి ఇస్తామని, పైగా బయటి బ్యాంకులకంటే మంచి వడ్డీ ఇస్తామని పిలిచాం. మధ్యలో రూపాయి పడితే ఆ నష్టాన్ని రిజర్వు బ్యాంకే భరిస్తుంది. నమ్మకం ఉన్నంతకాలం రెండూ సజావుగా నడుస్తాయి. అది సడలిన రోజున ఇద్దరూ ఒకేసారి తలుపు తడతారు. అప్పుడు ఇవ్వాల్సింది నాసిక్‌లో అచ్చు వేసుకోగల రూపాయి కాదు, మనం అచ్చు వేయలేని డాలరు.

ఆ తలుపు చప్పుడు 1990 ఆగస్టు 2న మొదలైంది. సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అప్పటికి బ్యారెల్ 20 డాలర్ల దరిదాపుల్లో ఉన్న ముడిచమురు అక్టోబరు కల్లా 40కి దగ్గరైంది. ఆ ఏడాది మన చమురు బిల్లు సుమారు 200 కోట్ల డాలర్లు పెరిగింది. మరోపక్క మన సరుకును రూపాయల్లో కొనే సోవియట్ యూనియన్ కూలిపోయే దశలో ఉంది. ఇరాక్, కువైట్‌లకు వెళ్లే ఎగుమతులు ఆగిపోయాయి.

ఇక మనుషులు. కువైట్‌లో అప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులున్నారు. మలయాళీల తర్వాత అక్కడ చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నది తెలుగువాళ్లే. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి డ్రైవర్లుగా, కూలీలుగా వెళ్లిన మగవాళ్లు, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు. బస్సుల్లో, లారీల్లో ఇరాక్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరితే, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాలు బొంబాయికి చేర్చాయి. 59 రోజులు, 488 విమానాలు, లక్షకు పైగా మనుషులు. వి.పి. సింగ్ ప్రభుత్వం చేసిన పనుల్లో ఎవరూ తప్పుపట్టలేనిది ఇదొక్కటే అనుకుంటాను. కానీ నెలనెలా ఇంటికి డబ్బు పంపిన మనిషి చేతి సంచితో వెనక్కి వచ్చాడు. ఊళ్లో సగం లేచిన గోడలు అలాగే ఆగిపోయాయి. ఆ ఇంటికి రావాల్సిన దీనారు దేశానికి రావాల్సిన డాలరు కూడా.

ఆర్థిక మంత్రిత్వ శాఖలో విదేశీ చెల్లింపుల లెక్కలు చూసే జాయింట్ సెక్రటరీ కడప జిల్లా మనిషే. పాటూరులో పుట్టి, ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా ఎదిగిన యాగా వేణుగోపాల్ రెడ్డి. తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు కాబట్టి ఆ పేరు మనకు తెలుసు. అప్పటికి ఆయన పని ఏ రోజు ఎంత కట్టాలి, కట్టడానికి ఎంత ఉంది అని చూసుకోవడం.

ఈ పరిస్థితిలో ఏ దేశానికైనా కావాల్సింది నిలకడైన ప్రభుత్వం. మనకు లేనిది అదే. 1990 నవంబరులో వి.పి. సింగ్ ప్రభుత్వం పడిపోయింది. కాంగ్రెస్ బయటి నుంచి ఇచ్చిన మద్దతుతో చంద్రశేఖర్ ప్రధాని, యశ్వంత్ సిన్హా ఆర్థిక మంత్రి అయ్యారు. డిసెంబరులో ఎస్. వెంకటరమణన్ రిజర్వు బ్యాంకు గవర్నరుగా వచ్చారు. 1991 జనవరి మధ్యలో దేశం చేతిలో ఉన్న విదేశీ కరెన్సీ 89.6 కోట్ల డాలర్లు మాత్రమే. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆ నెలలో ఇచ్చిన 180 కోట్ల డాలర్లతో కొంత ఊపిరి ఆడింది. అదే సమయంలో గల్ఫ్ యుద్ధానికి వెళ్లే అమెరికా సైనిక విమానాలు మన విమానాశ్రయాల్లో ఇంధనం నింపుకున్నాయని బయటపడి పెద్ద గొడవైంది. అప్పుకూ దీనికీ లంకె ఉందని అప్పట్లో చాలామంది అనుమానించారు. అప్పు అడిగే దేశం ఏం చేసినా ఆ అనుమానం తప్పదు.

ద్రవ్యనిధి సొమ్ము తాత్కాలికమే. పూర్తి బడ్జెట్ పెట్టి లోటు తగ్గించి చూపిస్తేనే మిగతా అప్పు వస్తుంది. సిన్హా దగ్గర అలాంటి బడ్జెట్ ఆలోచన ఉంది. కాంగ్రెస్ దానికి ఒప్పుకోలేదు. ఫిబ్రవరిలో బడ్జెట్ బదులు కొన్ని నెలల ఖర్చుకు అనుమతి అడిగే ఓటాన్ అకౌంట్ మాత్రమే మిగిలింది. మార్చి 6న చంద్రశేఖర్ రాజీనామా చేశారు. అది ఆపద్ధర్మ ప్రభుత్వమైంది. ఆ ఒక్క నెల రాజకీయం దేశానికి ఎంత ఖరీదైందో మన చరిత్ర పుస్తకాలు తగినంత గట్టిగా చెప్పలేదు. రేటింగ్ సంస్థలు మన పరపతిని తగ్గించేశాయి. విదేశీ బ్యాంకులు పాత అప్పులను తిరగరాయడం మానేశాయి. ఎన్నారై డిపాజిట్లు వెనక్కి పోవడం మొదలైంది.

అప్పుడు రిజర్వు బ్యాంకు చేయగలిగింది ఒక్కటే, దిగుమతుల గొంతు నొక్కడం. సరుకు తెప్పించుకోవాలంటే దాని విలువలో కొంత ముందే బ్యాంకులో నగదుగా కట్టాలని 1990 అక్టోబరులోనే నిబంధన పెట్టింది. మొదట 50 శాతం. తర్వాత 133 శాతం. 1991 ఏప్రిల్లో 200 శాతం. అంటే లక్ష రూపాయల ముడిసరుకు తెప్పించుకోవడానికి రెండు లక్షలు బ్యాంకులో పడేసి కూర్చోవాలి. పెద్ద కంపెనీ ఎలాగో తట్టుకుంటుంది. బాలానగర్ షెడ్డులోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పదిమందితో పని చేయించుకునే చిన్న యజమానికి విదేశీ సరుకు అవసరమైతే ఇది తట్టుకునే భారం కాదు. బయటినుంచి సరుకు రాకపోతే యంత్రం ఆగుతుంది, యంత్రం ఆగితే మనిషికి పని ఉండదు. దేశం డాలర్లు ఆదా చేసింది. ఆ ఆదాకు ఖరీదు కట్టినవాళ్ల పేర్లు ఏ లెక్కల పుస్తకంలోనూ లేవు.

అది కూడా చాలలేదు. ఇక మిగిలింది బంగారం.

మొదటి విడత బంగారం రిజర్వు బ్యాంకుది కాదు. కస్టమ్స్ వాళ్లు స్మగ్లర్ల దగ్గర పట్టుకుని ప్రభుత్వ ఖజానాలో వేసిన బంగారం. అందులో 20 టన్నులను ప్రభుత్వం స్టేట్ బ్యాంకుకు ఇచ్చింది. స్టేట్ బ్యాంకు దాన్ని తిరిగి కొనుక్కునే హక్కు ఉంచుకుని 1991 మే నెలలో స్విట్జర్లాండ్ బ్యాంకుకు అమ్మి సుమారు 20 కోట్ల డాలర్లు తెచ్చింది. దేశం ఎన్నికల్లో మునిగి ఉంది. మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. అలాంటి నెలలో ఈ పని నడిచింది.

రెండో విడత రిజర్వు బ్యాంకు సొంత నిల్వ నుంచి తీయాలి. దానికీ నిర్ణయం ఆపద్ధర్మ ప్రభుత్వం రోజుల్లోనే జరిగింది. ఎన్నికల ప్రచారంలో ఉన్న తన దగ్గరికి ఫైలు పాట్నా వచ్చిందని, సంతకం పెట్టడానికి మనసు రాక చాలా బాధపడ్డానని సిన్హా తర్వాత చెప్పుకున్నారు. ఆయన ముందున్న సుఖమైన దారి ఒకటే, కొత్త ప్రభుత్వం వచ్చి చూసుకుంటుందిలే అని ఫైలు పక్కన పెట్టడం. వెంకటరమణన్ ముందూ అదే దారి ఉంది. ఎన్నికల ముందు బంగారం కుదువపెట్టిన మంత్రిగా, గవర్నరుగా పేరు పడడం ఎవరికి ఇష్టం? వాళ్లు ఆ దారి పట్టలేదు. బాకీ గడువు ఓట్ల లెక్కింపు దాకా ఆగదని వాళ్లకు తెలుసు. ఈ కథలో నేను నమస్కరించేది ముందుగా వీళ్లకే.

జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆ ఎన్నికల్లో ఆయన పోటీ కూడా చేయలేదు. ఢిల్లీ వదిలి వెళ్లే ఏర్పాట్లలో ఉన్న మనిషి, రాజీవ్ మరణంతో పార్టీకి అందరూ ఒప్పుకునే పెద్దగా మిగిలారు. మంత్రిగా ఆయనకు విదేశాంగం, హోం శాఖ, విద్యాశాఖ కొట్టిన పిండి. ఆర్థికం ఆయన రంగం కాదు. ప్రమాణానికి ముందే కేబినెట్ కార్యదర్శి నరేశ్ చంద్ర దేశ ఆర్థిక స్థితి మీద ఒక నోట్ అందించారు. ఆర్థిక మంత్రిగా ముందు ఆర్థికవేత్త ఐ.జి. పటేల్‌ను అడిగారు. ఆయన రానన్నారు. అప్పుడు పిలుపు యూజీసీ అధ్యక్షుడిగా ఉన్న మన్మోహన్ సింగ్‌కు వెళ్లింది. లోక్‌సభలో మెజారిటీ లేదు. విదేశీ నిల్వలు రెండు వారాల దిగుమతులకు సరిపడా ఉన్నాయి. 1966 నాటి నింద పార్టీలో పెద్దవాళ్లందరికీ గుర్తుంది.

అయినా జులై 1న రూపాయి విలువ తగ్గించారు. 9 శాతం వరకు. స్పందన ఎలా ఉంటుందో చూసి, జులై 3న రెండోసారి 11 శాతం. రిజర్వు బ్యాంకులో ఈ పని చూసింది డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్. దీనికి పెట్టుకున్న రహస్య సంకేతం 'హాప్, స్కిప్ అండ్ జంప్'. మొదటి విడతకే కేబినెట్‌లో కలకలం రేగింది. పీవీ వెనకాడారు. మూడో తేదీ ఉదయం రెండో విడత ఆపగలరేమో చూడమని మన్మోహన్‌కు చెప్పారు. మన్మోహన్ రంగరాజన్‌కు ఫోన్ చేసేసరికి ప్రకటన వెలువడిపోయింది. పీవీ నిబ్బరం గురించి రాసేవాళ్లు ఈ ఉదయాన్ని దాటవేస్తుంటారు. దాటవేయాల్సిన అవసరం లేదు. భయపడిన మనిషి, పని జరిగిపోయిందని తెలిశాక దాన్ని తన నిర్ణయంగా నెత్తిన వేసుకుని నిలబడ్డాడు. ఎవరి మీదకీ నెట్టలేదు. డాలరు 21 రూపాయల దగ్గరి నుంచి 26 దరిదాపులకు వెళ్లింది.

సరిగ్గా ఆ మర్నాడు, జులై 4న, బొంబాయి నుంచి రిజర్వు బ్యాంకు బంగారంలో మొదటి భాగం విమానం ఎక్కింది. తర్వాత 7న, 11న, 18న మిగతా మూడు. మొత్తం 46.91 టన్నులు. బంగారం మన దగ్గరే ఉంచి కాగితం మీద తాకట్టు రాసిస్తామంటే అప్పిచ్చేవాళ్లు వినలేదు. సరుకు లండన్‌లో తమ ఖజానాలో ఉంటేనే డబ్బు అన్నారు. ఇప్పటిదాకా ఒక్క వాయిదా తప్పని దేశాన్ని అలా అడగడం అవమానమే. కానీ పరపతి పోయినవాడికి షరతులు పెట్టే హక్కు ఉండదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ కలిసి ఇచ్చింది 40.5 కోట్ల డాలర్లు. రిజర్వు బ్యాంకు నుంచి విమానాశ్రయానికి వెళ్తూ బంగారం వ్యాను ఒకటి దారిలో ఆగిపోయిందని, మరమ్మతు అయ్యేదాకా అధికారులు ప్రాణాలు ఉగ్గబట్టుకున్నారని తర్వాత ఆ పనిలో ఉన్నవాళ్లు చెప్పారు.

జులై 8న ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో శంకర్ అయ్యర్ రాసిన వార్తతో గుట్టు బయటపడింది. దేశం ఉలిక్కిపడింది. పుస్తెలు తాకట్టు పెట్టిన ఇంటి గురించి ఊరు మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు. బంగారం అనేది మన ఇళ్లలో ఆఖరి ఆధారం, అది గడప దాటిందంటే ఇక ఆ ఇంట్లో ఏమీ మిగల్లేదని అర్థం. ప్రతిపక్షాలు విరుచుకుపడ్డాయి. వారం తిరిగేసరికి, జులై 15న, మెజారిటీ లేని ప్రభుత్వం లోక్‌సభలో విశ్వాస పరీక్ష ఎదుర్కొని గట్టెక్కింది. ఆఖరి విమానం ఆ తర్వాత మూడు రోజులకు బయల్దేరింది. ఎంత గొడవ జరిగినా పని ఆపలేదన్నమాట.

గుట్టుగా చేయడం సరైనదేనా? ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను తొలుస్తోంది. ముందే చెబితే ఎన్నారై డిపాజిట్లు మరింత వేగంగా పోయేవి, అది నిజం. కానీ ఆరేళ్ల తర్వాత ఇలాంటి కష్టమే దక్షిణ కొరియాకు వచ్చినప్పుడు అక్కడివాళ్లు మరోలా చేశారు. 1998 మొదట్లో ఇంట్లో ఉన్న బంగారం ఇమ్మని జనాన్ని బహిరంగంగా అడిగారు. పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజు ఉంగరాలు, క్రీడాకారుల పతకాలు వచ్చి చేరాయి. దాదాపు 35 లక్షల మంది ఇచ్చిన బంగారం 227 టన్నులు. కొరియా బాకీ ముందు ఆ సొమ్ము చిన్నదే. అయినా జనానికి తమ దేశం ఎక్కడ నిలబడి ఉందో తెలిసింది. మన జనానికి పత్రిక చెబితే తెలిసింది. లోక్‌సభ రద్దయి ఉన్న నెలల్లో దారి లేదని ఒప్పుకుంటాను. కొత్త ప్రభుత్వం వచ్చాక, జూన్ 22నో 23నో ప్రధానే జాతికి చెప్పి ఉండాల్సింది. చెబితే అర్థం చేసుకునేవాళ్లే మన జనం.

అయితే బంగారం పంపడమే అవమానమన్న మాటను మాత్రం ఒప్పుకోను. అవమానం అంతకుముందు అయిదారేళ్లు లెక్కలు చూసి కూడా కళ్లు మూసుకోవడంలో ఉంది. ఫిబ్రవరిలో బడ్జెట్‌ను అడ్డుకోవడంలో ఉంది. తాకట్టు పెట్టి బాకీ తీర్చడం మాట నిలబెట్టుకోవడం. పంపకపోతే ఏమయ్యేదో చూడాలంటే 2022 శ్రీలంకను చూడవచ్చు. ఆ ఏప్రిల్లో విదేశీ బాకీలు కట్టలేమని చేతులెత్తేశాక అక్కడ పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి క్యూలు నిలిచాయి, మందులు దొరకలేదు, ధరల పెరుగుదల ఒక దశలో 70 శాతానికి చేరింది. జనం అధ్యక్షుడి భవనంలోకి చొచ్చుకుపోయారు. 1991లో మన దేశంలో పెట్రోలు బంకులు మూతపడలేదు. దానికి కారణాల్లో ఆ 47 టన్నులు ఒకటి.

తర్వాతిది అందరికీ తెలిసిన భాగం, త్వరగా చెప్పుకుందాం. జులై 4నే వాణిజ్య మంత్రి చిదంబరం ఎగుమతి సబ్సిడీ ఎత్తేసి కొత్త వాణిజ్య విధానం ప్రకటించారు. జులై 24న పారిశ్రామిక విధానం సభ ముందుకు వచ్చింది. 18 పరిశ్రమలు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదన్నారు. పరిశ్రమల శాఖ పీవీ తన దగ్గరే ఉంచుకున్నారు, అది యాదృచ్ఛికం కాదు. అదే సాయంత్రం మన్మోహన్ బడ్జెట్. ప్రమాణ స్వీకారం నుంచి 33 రోజులు. ఆ ఆలోచనలన్నీ ఆ నెలలో పుట్టినవి కావు, అంతకుముందు పదేళ్లుగా ఉద్యోగుల నోట్లలో, కమిటీ నివేదికల్లో నలుగుతున్నవే. లేనిది వాయిదా వేసుకునే వీలు మాత్రమే.

ఆ బడ్జెట్లో తెలుగునాట అందరికంటే ముందు తగిలింది రైతుకు. ఎరువుల ధరలు 40 శాతం పెంచారు. జులై నెలాఖరు, కృష్ణా గోదావరి డెల్టాల్లో నాట్లు పడే కాలం. సొంత పార్టీ ఎంపీలే తిరగబడితే ఆగస్టులో పెంపును 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు కాగితం మీద బాగానే ఉంది. మరి సెంటు భూమి తన పేరు మీద లేకుండా అయిదెకరాలు కౌలుకు చేసేవాడు తాను చిన్న రైతునని ఏ కాగితం చూపించి రుజువు చేసుకోవాలి? ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. ఏడాది తర్వాత, 1992 ఆగస్టులో, భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై నియంత్రణ ఎత్తేసి యూరియాను మాత్రం సబ్సిడీలో ఉంచారు. భాస్వరం ఉండే డీఏపీ ధర ఎగిసింది, రైతు చవగ్గా దొరికే యూరియా వైపు మళ్లాడు. ఈనాటికీ మన పొలాల్లో నత్రజని మోతాదు మించి పడుతోందంటే దాని మూలాల్లో ఒకటి ఆ ఆగస్టులో ఉంది. విదేశీ చెల్లింపుల సంక్షోభం నేల లోపలికి కూడా దిగిందంటే నమ్మబుద్ధి కాదు, కానీ జరిగింది అదే.

ధరల సంగతి అంతకంటే కఠినం. రూపాయి పడింది కాబట్టి దిగుమతి చేసుకునే ప్రతిదీ ప్రియమైంది. 1991 ఆగస్టులో టోకు ధరల పెరుగుదల 17 శాతానికి దగ్గరైంది. జీతం నెలకోసారి వచ్చేవాడికి కరువు భత్యం ఆలస్యంగానైనా పెరుగుతుంది. రోజు కూలీకి అదీ లేదు. ఆ ఆర్థిక సంవత్సరంలో దేశం దిగుమతులు డాలర్లలో దాదాపు అయిదో వంతు తగ్గాయి. పారిశ్రామికోత్పత్తి పెరుగుదల ఒక్క శాతం కూడా లేదు. మొత్తం ఆర్థిక వ్యవస్థ వృద్ధి ఒకటి, ఒకటిన్నర శాతం మధ్య ఆగింది. జనాభా రెండు శాతం పెరిగే దేశంలో దాని అర్థం సగటు మనిషి ఆ ఏడాది మరింత పేదవాడయ్యాడని. 1991 సంస్కరణల విజయగాథ రాసేవాళ్లు ఈ ఒక్క ఏడాదిని దాటి 1992 నుంచి లెక్క మొదలుపెట్టడం న్యాయం కాదు. అప్పు చేసి ఖర్చు పెట్టిన దశకంలో లాభపడ్డవాళ్లు వేరు, దాన్ని తీర్చిన ఏడాదిలో నలిగినవాళ్లు వేరు.

సర్దుబాటు మాత్రం ఊహించినదానికంటే వేగంగా జరిగింది. అక్టోబరు చివర ద్రవ్యనిధి 220 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. స్టేట్ బ్యాంకు 'ఇండియా డెవలప్‌మెంట్ బాండ్లు' అమ్మి ఎన్నారైల నుంచి 160 కోట్ల డాలర్లు తెచ్చింది. ఆ బాండ్లు కొన్నవాళ్లను సొమ్ము ఎక్కడిదని అడగబోమని చట్టమే చేశారు. దాంతో హవాలా దారిన బయటికి వెళ్లిన నల్లడబ్బుకూ గౌరవంగా తిరిగొచ్చే తోవ దొరికింది. నిజాయితీగా పన్ను కట్టినవాడికి ఇది మింగుడుపడే విషయం కాదు. డాలర్ల అవసరం ఆ ఇబ్బందిని కప్పేసింది. సెప్టెంబరు నుంచి నవంబరు లోపల బంగారం మీద తెచ్చిన 40.5 కోట్ల డాలర్ల అప్పు పూర్తిగా తీర్చేశారు. 1992 మార్చి నాటికి చేతిలో ఉన్న విదేశీ కరెన్సీ 560 కోట్ల డాలర్లు దాటింది.

తాకట్టు విడిపించినా బంగారం మాత్రం వెంటనే ఇంటికి రాలేదు. అవసరమైతే మళ్లీ వాడుకోవడానికి లండన్‌లోనే ఉండనిచ్చారు. 1991 నుంచి బయట నిలిచిన బంగారం 65.49 టన్నులని రిజర్వు బ్యాంకు లెక్కల్లో ఏళ్ల తరబడి కనిపించేది. 2009 నవంబరులో మరో తెలుగు మనిషి దువ్వూరి సుబ్బారావు గవర్నరుగా ఉండగా అదే రిజర్వు బ్యాంకు, ఏ ద్రవ్యనిధి ముందు చేయి చాచామో దాని దగ్గరే 200 టన్నుల బంగారాన్ని సుమారు 670 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. 2024లో బ్రిటన్‌లో దాచిన బంగారంలో సుమారు 100 టన్నులను దేశానికి తెచ్చుకుంది.

1991లో నేర్చుకున్నదాన్ని ఒక పద్ధతిగా మలిచింది ఒక కమిటీ. విదేశీ చెల్లింపుల మీద రంగరాజన్ అధ్యక్షతన వేసిన ఉన్నతస్థాయి సంఘం. దాని సభ్య కార్యదర్శి వై.వి. రెడ్డి. స్వల్పకాలిక అప్పును అదుపులో పెట్టండి, ఎన్నారై డిపాజిట్లకు పూచీ ఉండి మోసే నష్టం తగ్గించుకోండి, నిల్వలను దిగుమతుల అవసరంతోనే కాకుండా దగ్గరి గడువు బాకీలతో కూడా పోల్చి చూసుకోండి అని ఆ సంఘం చెప్పింది. చదవడానికి చప్పగా ఉండే ఈ సిఫార్సుల విలువ 1997లో తెలిసింది. థాయిలాండ్, ఇండోనేసియా, కొరియా వరసగా కూలినప్పుడు వాటన్నిటిలో ఉన్న జబ్బు, గడువు దగ్గరపడ్డ డాలరు అప్పు, మన దగ్గర చాలా తక్కువగా ఉంది.

రూపాయి రేటును ప్రభుత్వం నిర్ణయించే పద్ధతి కూడా ఇక్కడి నుంచే సడలింది. 1992 మార్చి 1 నుంచి రెండు రేట్ల విధానం వచ్చింది. ఎగుమతిదారు తెచ్చిన డాలర్లలో 40 శాతం అధికారిక రేటుకు, 60 శాతం బజారు రేటుకు. మరో ఏడాదికి రెండూ కలిసి ఒకటయ్యాయి.

సరిగ్గా ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లోనే బొంబాయి షేర్ మార్కెట్ ఎన్నడూ చూడని ఎత్తులకు పరుగెత్తుతోంది. 1992 ఏప్రిల్ 23న టైమ్స్ ఆఫ్ ఇండియాలో సుచేతా దలాల్ రాసిన ఒక వార్త, ఆ పరుగుకు బ్యాంకుల సొమ్ము ఎలా ఇంధనమైందో బయటపెట్టింది. దేశాన్ని బాకీ ఎగవేత నుంచి కాపాడిన గవర్నర్ వెంకటరమణన్ ఇప్పుడు తన కళ్లముందు బ్యాంకుల్లో జరిగిన దోపిడీకి పార్లమెంటు సంయుక్త సంఘం ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ కథ, హర్షద్ మెహతా కథ, వచ్చే భాగంలో.